ఎరువు గుంట మీద గోడ

మా అత్తవారిల్లు గురజాలకు దగ్గరలో ఒక పల్లె. నేను నరసరావుపేటలో పుట్టి పెరిగినదాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు మింగుడుపడనిది ఒక్కటే, పెరట్లో వేపచెట్టు కింద ఉన్న ఎరువు గుంట. అది కంపు కొడుతుందని కాదు. నిజానికి అది కంపు కొట్టేదే కాదు. దానికి జరిగే మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండేది. దీపావళికి గడప మీద కన్నా ముందు దాని మీద దీపం పెట్టేవాళ్ళు. శుక్రవారం నాడు దాంట్లోంచి చారెడు మన్ను కూడా తీయనిచ్చేవాళ్ళు కాదు. కొత్తకోడలికి లేని మర్యాద పేడకి ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ మర్యాదలన్నీ చేసేది మా వదిన. అంటే మా ఆయనకీ, బావగారికీ అక్క. చిన్నతనంలోనే పెళ్ళి చేశారట. కాపురానికి వెళ్ళకముందే భర్త పోయాడు. అప్పటి నుంచీ పుట్టింట్లోనే ఉండిపోయింది. నేను వచ్చేసరికి మా అత్తమామలు లేరు. ఇల్లు ఉమ్మడి. వంటిల్లు నా తోడికోడలిది, పశువులు మా ఆయనవి, పొలమూ ఊరి వ్యవహారాలూ బావగారివి. వదినకి మిగిలింది పెరడు. అందులో వంగ మొక్కలు, గోంగూర మడి, బీరపాదు, చిక్కుడు పందిరి ఉండేవి. సాగర్ కాలవ తవ్వుతున్నారని అందరూ చెప్పుకునేవాళ్ళే గాని నీళ్ళింకా మా వైపు రాలేదు. ఎండాకాలం వస్తే ఊళ్ళో పచ్చగా కనిపించేది మా పెరడొక్కటే. బావులు అందరిళ్ళల్లోనూ ఉన్నాయి. తేడా అంతా ఆ గుంటలోనే ఉందని గ్రహించడానికి నాకు కొంత కాలం పట్టింది.

పెంటదిబ్బ లేని ఇల్లు మా ఊళ్ళో లేదు. ఊడ్చిందీ ఎత్తిందీ తెచ్చి దాని మీద పోయడం, వేసవిలో బండ్లకెత్తి పొలానికి తోలుకుపోవడం. మా పొలానికీ ఊరి బయట అలాంటి దిబ్బ ఉండేది. వదిన దాని వైపు చూసేది కూడా కాదు.

"పొలానికి ఏదేసినా తింటదే. కూరమొక్క అట్టా కాదు, పసిబిడ్డ. అరిగేది పెట్టాల" అనేది.

ఆ అరిగేది తయారవడానికి ఏడాది పైనే పట్టేది. గుంట నడుం లోతు, చుట్టూ నాపరాళ్ళు నిలబెట్టి ఉండేవి. గాలి ఆడాలని అడుగున కందికంప పరిచేది. దాని మీద మిరప తొడిమలు, జొన్నచొప్పలో పశువులు తినకుండా వదిలేసిన మొదళ్ళు, వేపాకు, కూరగాయల తుక్కు. ఒక్కొక్క పొర మీదా పేడనీళ్ళు చల్లి, కొట్టంలో పశువుల మూత్రంతో నానిన మన్ను పలచగా కప్పేది. పొయ్యి బూడిద మాత్రం జల్లించి, తిరగమోతలో ఇంగువ వేసినంత పొదుపుగా వేసేది. ఎక్కువైతే సారం పోతుందట. అన్ని పొరలూ అయ్యాక మట్టీ పేడా కలిపి పైన మెత్తేది. ఇక అక్కడి నుంచి కాపలా. అప్పుడప్పుడూ ఇనపచువ్వ ఒకటి లోపలికి గుచ్చి, కాసేపాగి తీసి, అరచేత్తో పట్టుకుని వేడి చూసేది. పైపూత తీసి అడుగుది పైకి, పైది అడుక్కి తిరగేసేది. పిడికెడు తీసుకుని పిసికేది. అది ముద్ద కట్టాలి, కాని వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. కారితే మూత తీసి ఆరబెట్టేది. పొడిపొడిగా ఉంటే మళ్ళీ పేడనీళ్ళు చల్లేది. ఇదంతా ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరో తనకోసం ఎదురు చూస్తున్నారన్న ధ్యాసలో చేసేది.

అంతా అయ్యాక కూడా తనను తాను నమ్మేది కాదు. పాత మూకుట్లో ఆ ఎరువు కొంచెం పోసి మెంతులు చల్లేది. మొలకలు పచ్చగా లేస్తే సరే. పసుపుపచ్చగా వాడితే ఇంకా పండలేదని మళ్ళీ కప్పెట్టేది. "ఇంకా పచ్చి వదల్లేదు" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో విసుగుండేది కాదు. విసుగు నాకు వచ్చేది.

ఆ రోజుల్లోనే బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవకుడు ఒకాయన సైకిలు మీద ఊరూరా తిరుగుతూ కంపోస్టు గుంటలు తవ్వమని చెబుతుండేవాడు. మా పెరడు చూసి, ఇక్కడ నేను చెప్పాల్సిందేమీ లేదని నవ్వాడు. అయినా చెప్పాలి కాబట్టి, కందికంప పొడుగ్గా వేసే బదులు ముక్కలు నరికి వేస్తే త్వరగా చివుకుతుందన్నాడు. వదిన "మాకేం తొందర లేదు నాయనా" అంది. వారం తిరక్కముందే గొడ్డలి పట్టుకుని కంప నరుకుతూ కనిపించింది. నేను చూసి నవ్వాను.

"ఆయన చెప్పాడని కాదులేవే" అంది, తలెత్తకుండా.

మా ఇద్దరికీ అంతకన్నా చనువు లేదు. సబ్బునీళ్ళు ఆ వైపు పారబోస్తే మాత్రం ఊరందరికీ వినపడేలా అరిచేది. నేనూ తక్కువ తినలేదు.

ఉమ్మడి విడిపోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు. నా తోడికోడలికి తన పొయ్యి తనకు కావాలి, నాకూ నా పొయ్యి నాకు కావాలి. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకోకముందే విడిపోవడం మంచిదని ఇద్దరం అనుకున్నాం. అది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఉగాదికి కొంచెం ముందు ఊరి పెద్దమనుషుల్ని పిలిచారు. వాళ్ళు పంచలో మంచాల మీద కూర్చుని, కాఫీలు తాగి, పొలాలు పంచారు. ఎడ్లు, బండ్లు, జొన్నల పాతర, ఇత్తడి గంగాళాలు, పగ్గాలు కూడా పంచారు. ఊరి బయటి దిబ్బని బండ్ల లెక్కన సగం చేశారు. ఇల్లు మధ్యకి గీత గీశారు. ఆడపిల్లకి వాటా అనే మాట అప్పటికి మా ఊళ్ళో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కాబట్టి ఎవరూ ఎత్తలేదు.

అన్నీ అయ్యాక ఒక పెద్దాయన గుర్తుచేసుకున్నట్టు అన్నాడు. "మరి మీ అక్క సంగతేందిరా?"

మా ఇళ్ళల్లో దానికి పద్ధతి ఉంది, వంతులు. తల్లో, తండ్రో, ఇలాంటి ఒంటరి మనిషో ఉంటే కొడుకుల మధ్య, తమ్ముళ్ళ మధ్య వంతులు వేసేవాళ్ళు. ఉగాది నుంచి దసరా దాకా పెద్దాడింట్లో, దసరా నుంచి ఉగాది దాకా చిన్నాడింట్లో అన్నారు. బావగారు సరే అన్నారు. మా ఆయన సరే అన్నాడు. వదిన గుమ్మం పక్కన నిలబడి అంతా వింటోంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఎడ్లని అడిగారా, గంగాళాన్ని అడిగారా అన్నట్టుంది వ్యవహారం.

సాయంత్రం నేను పెరట్లోకి వెళితే గుంట అంచు మీద కూర్చుని ఉంది. ఏడుస్తుందేమోనని జంకుతూనే దగ్గరికి వెళ్ళాను. ఏడవడం లేదు.

"గొడ్డుకైనా ఒక కట్టుకొయ్య ఉంటదే" అంది. "ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. చాపా చెంబూ చంకనేసుకుని తిరగమన్నారు, పుట్టిన ఇంట్లో."

మేము బాగానే చూసుకుంటాం వదినా అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకి ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని అనిపించింది.

ఇక పెరడు మిగిలింది. ఇంటి మధ్య గీత పెరట్లోకి చాచి తాడు పట్టుకుంటే, అది సరిగ్గా గుంట నడిమధ్య నుంచి పోయింది. తాడు కాస్త ఇటో అటో జరిపితే గుంట ఒకరికి పోతుంది. అదేమో ఇద్దరికీ కావాలి. మొక్కలకి అదెంత పని చేస్తుందో ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఆ కూరలు తింటూ చూస్తున్నారు కదా. సరే, తాడు పడ్డచోటే గోడ లేపుదామన్నారు. గోడ కట్టడానికి వచ్చిన మేస్త్రీ, పునాది కోసం గుంట మధ్యలో ఎరువు ఎత్తేసి రాళ్ళు నింపాలన్నాడు. ఆ ఎత్తేసిన ఎరువు ఎవరిదని బావగారు అడిగారు. ఎవరిదని మా ఆయనా అడిగాడు. చివరికి గుంటకి అడ్డంగా పొడుగాటి నాపరాళ్ళు, మెత్తిన మన్ను మీదనే పరిచి, వాటి మీద గోడ కట్టమన్నారు. గంపెడు ఎరువు వదులుకోలేక, ఎరువు మీద గోడ కట్టినవాళ్ళు లోకంలో మా వాళ్ళే అయ్యుంటారు.

వదిన వచ్చి చూసింది.

"దాని మీద గోడ నిలవదురా. అది దిగుద్ది."

"రాతి గోడక్కా. ఎట్టా దిగుద్ది?" అన్నారు బావగారు.

"రాయి కాదురా దిగేది. కిందది దిగుద్ది. పండేకొద్దీ అణుగుద్ది."

బావగారు నవ్వి ఊరుకున్నారు. ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు వదినకి లేదు. గోడ ఛాతీ ఎత్తున లేచింది.

ఉగాది నుంచి ఆమె అవతలి ఇంటి మనిషి అయింది. గుంట సగం ఆ వైపు, సగం ఈ వైపు. ఆ వైపు సగానికి పేడనీళ్ళు, చువ్వ, తిరగేయడం అన్నీ మామూలుగా జరుగుతున్నాయి. ఈ వైపుది దిక్కులేకుండా పడి ఉంది. మొదట్లో వదిన వీధి చుట్టూ తిరిగి మా వైపు కూడా వచ్చి ఒక చెయ్యి వేసి పోయేది. ఒకరోజు నా తోడికోడలు పక్కింటావిడతో, నాకు వినపడాలనే, గట్టిగా అంది.

"మా అన్నం తిని వాళ్ళ గుంట తిప్పుద్దా?"

మర్నాటి నుంచి వదిన రావడం మానేసింది. నా తోడికోడలు చెడ్డమనిషేమీ కాదు. వంతు వేసుకున్నాక మనిషితో పాటు మనిషి పని కూడా వంతులోకే వస్తుందని ఆవిడ లెక్క. దసరా తర్వాత నా లెక్కా అలాగే ఉండేదేమో, ఎవరికి తెలుసు.

తొలకరి పడగానే మా ఆయనకి తొందర పుట్టింది. మన సగం మనం తీసుకుంటే ఎవడేమంటాడని పైపూత పగలగొట్టి, ఆవిర్లు కక్కుతున్న పచ్చి ఎరువు తీసి వంగ మొక్కల మొదళ్ళకి పెట్టాడు. కొద్దిరోజులకే ఆకుల అంచులు మాడాయి. తర్వాత ఆకులన్నీ పండుబారిపోయాయి. గోడ అవతలి నుంచి వదిన అది చూసింది.

"పచ్చిది పెట్టావా రా?" అంది.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె గోడ మీద రెండు చేతులూ ఆనించి నాకు చెప్పడం మొదలుపెట్టింది. "ఏమే, మొదళ్ళ కాడ పెట్టిందంతా తీసి అవతల పొయ్యి. బాగా నీళ్ళు పెట్టు. ఆకులు తుంచమాక, అయ్యే రాల్తయ్యి..." ఇంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆమె చేతులు దులుపుకుని వెళ్ళింది. చెప్పినంత వరకూ చేశాను. కొన్ని మొక్కలు బతికాయి. పది అడుగుల దూరంలో మొక్కలు చస్తుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చిన ఆమె మొహం మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది అప్పుడే. అంతకుముందు కలగలేదు.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ వైపు సగం పండుతూ పండుతూ బాగా అణిగిపోయింది. ఈ వైపు మా ఆయన తవ్వి పెట్టిన గొయ్యిలో నీళ్ళు నిలిచాయి. గోడ ఒరిగిందని మేమెవరమూ గమనించలేదు. గమనించినా మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు, బాగు చేయించే ఖర్చు తన మీద పడుతుందని. ఒక మధ్యాహ్నం వాన తెరిపి ఇస్తే వదిన గోడ పక్కన కూర్చుని గంపలోకి ఎరువు ఎత్తుకుంటోంది. లోపలి నుంచి నా తోడికోడలు కసిరింది. "అన్నం చల్లారిపోతంది. ఎంతసేపు కూచోవాల నీ కోసం?"

ఆమె లేచి వెళ్ళి కంచం ముందు కూర్చుందో లేదో, గోడ పడింది.

ఆ చప్పుడుకి మా కొట్టంలో ఎడ్లు పగ్గాలు తెంచుకోబోయాయి. నేను పరిగెత్తి వెళ్ళేసరికి మధ్యలో గోడ లేదు. ఇటు నేను, అటు వాళ్ళు, నడుమ రాళ్ళ కుప్ప. వదిన కూర్చున్న చోట పొడుగాటి నాపరాయి అడ్డంగా పడి ఉంది. దాని కింద గంప అప్పడమైపోయింది. బావగారు అది చూసి అక్కడే రాళ్ళ మీద కూలబడ్డారు. ఇంతాజేసి ఆమెను కాపాడింది నా తోడికోడలి కసురు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. వదిన మాత్రం ఎంగిలి చేత్తో వచ్చి, గుంట వైపు చూసి, "రాళ్ళు ముందు తియ్యండిరా, గాలాడదు" అంది.

పెద్దమనుషుల్ని మళ్ళీ పిలిచారు. గోడని గుంట మీద కాకుండా పక్కకి జరిపి కట్టాలన్నారు. జరిపితే గుంట ఎవరి వైపు పోవాలన్న దగ్గర మళ్ళీ పేచీ మొదలైంది. మనిషి పోయేదేనన్న భయం రెండు రోజుల్లోనే సర్దుకుంది మా వాళ్ళకి. పెద్దాయన విసిగిపోయి తల పట్టుకున్నాడు. అప్పుడు వదిన గుమ్మం దాటి పంచలోకి వచ్చింది. ఆడవాళ్ళు పంచలోకి వచ్చి మాట్లాడడం మా ఇంట్లో నేను చూడలేదు.

"గుంట ఇద్దరికీ వద్దు, నాకు ఒదిలెయ్యండి" అంది. "గుంటా, దాని పక్కన పాత గొడ్లపాకా. అందులో ఉంటా. నా వంట నేను చేసుకుంటా. ఎరువు పండినాక ఇద్దరికీ ఇస్తా, కూరగాయలు ఇద్దరికీ ఇస్తా. నన్ను మాత్రం వంతులేసుకోమాకండి."

బావగారు ఎర్రబడ్డారు. "అక్కని గొడ్లపాకలో పెట్టారంటారు ఊళ్ళో. మొహం ఎట్టా ఎత్తుకు తిరగాల మేము?"

"వంతులేసిననాడు ఊరు లేదా?"

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. వద్దంటాడని నాకు తెలుసు, అన్న ఏదంటే అదే ఆయనకి. దసరా దగ్గర పడుతోంది. ఇప్పుడు కాదంటే నెల తిరిగేసరికి చాపా చెంబూ పట్టుకుని నా గుమ్మంలోకి రావాలి ఆమె. ఆ తర్వాత మళ్ళీ అక్కడికి, మళ్ళీ ఇక్కడికి, పోయేదాకా. నేను నోరు తెరిచేలోపే తలుపు చాటు నుంచి నా తోడికోడలు గొంతు వినిపించింది.

"ఇచ్చెయ్యండి. ఆమె అడిగింది పెంట. నగలా నట్రా?"

ఆ మాట ప్రేమతో అన్నదో, ఒక మనిషి బరువు తప్పుతుందని అన్నదో నేను అడగలేదు. "ఇచ్చెయ్యండి బావగారూ" అని నేనూ అన్నాను. ఇద్దరు కోడళ్ళూ ఒక మాట మీద నిలబడడం ఆ ఇంట్లో అదే మొదలు. పెద్దాయన ఇదే సందని పైపంచె భుజాన వేసుకుని లేచాడు, తగువు తెగిపోయిందని.

పాక బాగు చేయడానికి కొన్నాళ్ళు పట్టింది. బావగారు మనసు చంపుకుని కొత్త తాటాకు కప్పించారు. మా ఆయన నేల చదును చేశాడు. వదిన తనే అలికి, తనే పొయ్యి వేసుకుంది. మట్టిపొయ్యి ఆరాలని రెండు రోజులు ఆగింది కూడా. ఆమెకి దేనికైనా ఆగడమే తెలుసు.

పొయ్యి వెలిగించిన రోజు ఆమెకి ఏం తోస్తుందో, ఏం తింటుందోనని గిన్నెలో పప్పు తీసుకుని వెళ్ళాను. అంత వెలుగుండగా, ఇంట్లో మగవాళ్ళింకా పొలం నుంచి రాకముందే, ఆమె పీట వేసుకుని కూర్చుని అన్నం తింటోంది. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆమె తినడం నేను సరిగ్గా చూడనే లేదు. అందరూ తిన్నాక, వంటింటి మూల, గోడ వైపు తిరిగి గబగబా రెండు ముద్దలు మింగి లేచేది. ఇప్పుడు జొన్నన్నంలో వంకాయ కూర కలుపుకుని, పెరడు చూస్తూ నిదానంగా నములుతోంది. నా చేతిలో గిన్నె చూసి తల అడ్డంగా ఊపింది.

"వద్దే. తీసుకుపో. ఇయ్యాల నేను ఎవరి వంతూ కాదు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె దగ్గర ఏడవడం ఇష్టం లేక మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆమె ఎడమచేత్తో ఇంకో పీట నా వైపు జరిపింది.

"కూచో. నా ఇంటికొచ్చి తినకుండా పోతావా?" అంది.

కూర్చున్నాను. ఆమె లేచి చెయ్యి కడుక్కుని నాకు వడ్డించింది.